వంద మీటర్ల అవతల

నిరోష రోజూ పొద్దున్నే కొయ్యముక్కలు, ఉలి తీసుకుని ఉదయగిరి కొండ కింది పాత మండపానికి పోయి మధ్యాహ్నందాకా గరిటెలు చెక్కేది. వానలు పడ్డాక ఆ మండపం ఉన్నచోటి నుంచి జానెడో బెత్తెడో దిగువకు జరిగేది. మేకలోళ్ళు కాలిబాట సర్దుకునేవాళ్ళు, అంతే.

పోయినేడు తుఫానుకు ఇల్లు కూలితే నిరోష, ఆమె అత్త కామాక్షమ్మ పన్నెండు రోజులు అందులోనే తలదాచుకున్నారు. అందుకే కొత్త రోడ్డు కోసం దాన్ని పడగొడతారని తెలిసి నిరోష ఊరుకోలేకపోయింది. పంచాయతీ చేత తీర్మానం చేయించింది. తీర్మానంతో రోడ్డు ఆగదన్నారు. ఆత్మకూరు ఆర్డీవో ఆఫీసుకు పోయి అర్జీ పెట్టింది. అది రాష్ట్ర పురావస్తు శాఖకు చేరింది. వాళ్ళొచ్చి మండపం రాతి మీది శాసనం చూసి, ఇది కేంద్రం చూడాల్సిందని ఢిల్లీకి రాశారు. చివరికి మండపం స్తంభానికి నోటీసు అంటింది: జాతీయ కట్టడంగా ప్రకటిస్తాం, అభ్యంతరాలుంటే రెండు నెలల్లో చెప్పండి.

కొలతలకు వచ్చిన సర్వేయరు కేశవ టేపు చుడుతూ ఆగాడు.

"రోడ్డు పక్కకు పోతాదిలేమ్మా. కానీ దీని చుట్టూ వంద మీటర్లలో కొత్త ఇల్లు కట్టకూడదు. మీ పునాది తొంభై నాలుగు మీటర్లలోనే ఉండాది."

కూలినదాని బదులు ప్రభుత్వం నిరోషకు మంజూరు చేసిన ఇల్లు అది. గడువులోపు గోడలు లేవకపోతే రద్దు.

"అభ్యంతరం రాస్తే, సార్?"

"రాయొచ్చు. వాళ్ళు ఒప్పుకుంటే ప్రకటన ఆగిపోతాది. రోడ్డు మళ్ళా ఇటే వస్తాది."

నిరోష కాగితం మీద పేరు రాసి, కింద ఏమీ రాయలేక నాలుగు రోజులు దాన్ని ముందేసుకుని కూర్చునింది. టార్పాలిన్ పట్ట కింద పడుకుంటే పునాది గుంతే కళ్ళముందు.

అయిదో రోజు మిట్టమధ్యాహ్నం కామాక్షమ్మ మండపం దగ్గరికి పోయింది. పక్కింటామెతో మాట్లాడినట్టు మాట్లాడింది.

"పిల్ల నిన్ను కాపాడబోయి ఇరుక్కునింది. కొంచెం పైకి పోగూడదా?"

రాళ్ళు కిర్రుమన్నాయి. లోపల పడుకున్న మేకలు లేవలేదు. మండపం ఎప్పుడూ పోని ఎగువకు, ఎండలో, ఆగి ఆగి ఎక్కింది. ఒక స్తంభం నిలువునా బీటిచ్చింది.

మరుసటి వారం చివరి కొలతకు వచ్చిన కేశవ రెండుసార్లు టేపు పట్టాడు. పాత అంకె కొట్టేసి నూట రెండు అని రాసుకున్నాడు. స్తంభం వైపు చూసి, "ఈ బీటను సున్నం పెట్టి పూడ్చబాకండి. ఇంక దేనికైనా కేంద్రం అనుమతి కావాల," అన్నాడు.

నిరోష మేస్త్రీకి ఫోన్ కలిపి, ఎగువనున్న స్తంభం వైపే చూస్తా ఉండింది. కామాక్షమ్మ ఫోన్ లాక్కునింది.

"గోడలు ఎత్తాల. రేపు పొద్దున్నే రా నాయనా."

నిరోష ఎగువకు నడిచింది. స్తంభం బీటలోకి వేలు పోనిచ్చి, ఎండ వాలేదాకా అట్లనే నిలబడింది.