డాబా మీద నారుమడి

మా బావమరిది వెంకటకృష్ణారావుకి తొందరెక్కువ. పెళ్ళిచూపులకి వెళ్ళి అక్కడే ముహూర్తం అడిగిన ఘనుడు. అందుకే, కాలవలు వదులుతారని ఎవరో అనగానే వడ్లు నానబోసి మండె కట్టేశాడని తెలిసినప్పుడు నేనేమీ ఆశ్చర్యపోలేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెత వీడి కోసమే పుట్టి ఉంటుంది.

మండె కట్టడమంటే నానిన వడ్లని గోనెసంచిలో మూటగట్టి, పైన గడ్డి కప్పి, బరువు పెట్టి, ఆ వేడికి మొలకెత్తించడం. ఒకసారి మొలకొచ్చాక అవి ఎవరి మాటా వినవు. తడి మడిలో చల్లాలి, లేదా సంచిలోనే వేడెక్కి కుళ్ళిపోతాయి. రెండువేల మూడులో వాళ్ళ ఉయ్యూరు చుట్టుపక్కల తడి మడి ఎక్కడుంది? కాలవల్లో పిల్లలు క్రికెట్ ఆడుకుంటున్నారు.

నేను బెజవాడ గవర్నర్‌పేటలో ఒక బీమా ఆఫీసులో హెడ్ క్లర్కుని. ఇల్లు కూడా ఆ దగ్గర్లోనే, అద్దెకి. కింద ఇంటి యజమాని రహ్మాన్ గారి రంగుల షాపు, మొదటి అంతస్తులో వాళ్ళ కుటుంబం, పైన మేము, మా నెత్తిన డాబా. రహ్మాన్ గారి తల్లి బేగం బీ ఆ డాబా మీద మిరపకాయలు ఎండబెట్టుకునేది. అంతకుమించి దాంతో ఎవరికీ పనుండేది కాదు.

ఒకరోజు పొద్దున్నే మా ఇంటి ముందు ఆటో ఆగింది. వెనక సీట్లో గోనెబస్తా, దాన్ని కావిలించుకుని మావాడు.

"బావగారూ, ఒక చెయ్యి వెయ్యండి. పైకి చేర్చాలి."

"ఏవిటోయ్ అది?"

"వడ్లు. మొలకొచ్చేశాయి. మీ డాబా మీద నారు పోస్తాను."

"నీ మొహం! డాబా మీద నారేమిటి? రేపు మా వంటింట్లో దుక్కి దున్నుతానంటావు."

వాడు నవ్వలేదు. అప్పుడు నాకు కొంచెం అనుమానం వచ్చింది. నేను ఎగతాళి చేస్తే వాడు ఎప్పుడూ నవ్వుతాడు.

మెట్ల మీద కూర్చుని సంగతంతా చెప్పాడు. వాడు కౌలుకి చేసే ఎకరన్నర వాళ్ళ నాన్న కాలం నుంచీ వాళ్ళే చేస్తున్నారు. చుట్టూ పొలాలు ఒక్కొక్కటే చేపల చెరువులైపోయాయి. భూమి ఆసామి కూడా ఆ ఊపులోనే ఉన్నాడు. శ్రావణం వచ్చేలోపు నాట్లు పడి, పైరు నిలబడితే సరే, లేకపోతే పొక్లెయిన్ దింపి చెరువు తవ్విస్తానని చెప్పేశాడు.

"కాలవ వచ్చాక నారు పోస్తే అది ఎదిగేసరికి శ్రావణం దాటిపోద్ది బావా. నారు ముందే చేతిలో ఉండాలి. అందుకే మండె కట్టాను, తొందరపడి కాదు. చెరువైన పొలం మళ్ళీ పొలం అవ్వదు."

వాళ్ళ ఊళ్ళో తాగేనీళ్ళకే ట్యాంకరు కోసం పోట్లాడుకుంటున్నారు. బెజవాడలో అయితే పూటకోసారైనా మునిసిపాలిటీ పంపు వస్తుంది. రేడియోలో రైతుల కార్యక్రమంలో విన్నాడట, గచ్చు మీద ప్లాస్టిక్ పట్టా పరిచి, మట్టి లేకుండా నారు పెంచవచ్చని. మొదటి రెండు వారాలూ గింజలో ఉన్న పాలే మొక్కకి తిండి, తడి ఆరకుండా చూస్తే చాలునట.

రహ్మాన్ గారు వచ్చి విషయం విని, నా వైపు తిరిగి తల అడ్డంగా ఊపారు. "రావుగారూ, తప్పుగా అనుకోకండి. అన్ని రోజులు డాబా తడిస్తే స్లాబు కారుతుందండి."

నేను చెప్పాలనుకున్నదీ అదే. కానీ మా ఆవిడ జ్ఞానేశ్వరి తలుపు దగ్గర నిలబడి ఉంది. తమ్ముడి విషయంలో ఆవిడ ఎదుట నోరు జారితే సాయంత్రం కాఫీ ఉండదు.

ఈలోగా బేగం బీ కిందికి దిగి, బస్తా మూతి విప్పి చెయ్యి లోపల పెట్టింది. జ్వరమొచ్చిన పిల్లాడి ఒళ్ళులా ఉంది కాబోలు, చటుక్కున చెయ్యి వెనక్కి తీసింది. "బతికున్నాయి కదరా ఇవి," అంది కొడుకుతో. "బతికున్నవాటిని గుమ్మంలోంచి వెనక్కి పంపిస్తావా?"

రహ్మాన్ గారు కాసేపు గడ్డం గోక్కున్నారు. "సరే అమ్మా. కారితే కారేది రావుగారింట్లోనే కదా," అన్నారు.

పట్టా పరిచి, చుట్టూ అరటి బోదెలు అడ్డం పెట్టి, మొలకొచ్చిన వడ్లు దట్టంగా పరిచారు. ఎండ తగలకుండా జ్ఞానేశ్వరి పాత చీరలు పందిరిగా కట్టింది. మొదట్లో మొలకలు వేళ్ళతో లేచి నిలబడతాయి. పైకి లేచిన వేరు ఎండిపోతుంది కనక వాటిని అరచేత్తో మెల్లగా కిందికి నొక్కాలి. ఆ పని బేగం బీ తీసుకుంది. రొట్టె అద్దినట్టు పూటపూటా అద్దేది. కృష్ణారావు ఊరికి వెళ్ళిపోతూ అందరికీ దణ్ణం పెట్టాడు, నాకు మాత్రం రెండుసార్లు పెట్టాడు.

పంపు నీళ్ళు వాడకానికే బొటాబొటీ, నారు కోసం మోటారు వెయ్యడానికి లేదు. అందుకని బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు అన్నీ పైకే వెళ్ళాయి. బేగం బీ నమాజుకి ముందు కాళ్ళూ చేతులూ కడుక్కుని వజూ చేసుకునేటప్పుడు కింద బేసిన్ పెట్టుకుని, ఆ నీళ్ళు కూడా మోసుకెళ్ళేది. పట్టా మీద పచ్చటి నూగు లేచింది, తర్వాత ఆకు విచ్చింది.

స్లాబు కారింది కూడా. ఎక్కడ కారింది? సరిగ్గా నా మంచం తలవైపు. మంచం జరిపి, కింద స్టీలు బేసిన్ పెట్టుకున్నాను. పైన నీళ్ళు పోసిన కాసేపటికి టప్పు, టప్పు అని మొదలయ్యేది. మెట్ల మీద ఎదురుపడ్డ ప్రతివాళ్ళకీ చెప్పుకున్నాను. ఫోనులో బావమరిదికి చెబితే, "అక్కడ కూడా నాలుగు గింజలు వెయ్యండి బావా," అన్నాడు. పెట్టేశాను ఫోను.

ఒక ఆదివారం భోంచేసి నడుం వాల్చాను. ఏదో తేడాగా ఉంది. ఫ్యాను తిరుగుతోంది, వీధిలో ఆటోలు మోగుతున్నాయి, అయినా ఏదో లేదు. కాసేపటికి తెలిసింది. చుక్క పడటం లేదు. బేసిన్ చూస్తే పొద్దుటి నీళ్ళే కదలకుండా ఉన్నాయి.

బేగం బీ తన కూతురు జుబియాని చూడటానికి బందరు వెళ్ళింది. నీళ్ళు రహ్మాన్ గారి భార్య ముబీనా పోస్తుందనుకుని మా ఆవిడ చుట్టాలింటికి వెళ్ళింది. మా ఆవిడ పోసి ఉంటుందని ముబీనా అనుకుంది. ఇద్దరు పెళ్ళాల ముద్దుల మొగుడు గతి పట్టింది నారుకి.

పైకి పరిగెత్తాను. చీరల పందిరి గాలికి ఎగిరి పిట్టగోడకి చుట్టుకుని ఉంది. ఎండ నేరుగా పడుతోంది. ఆకులన్నీ సూదుల్లా చుట్టుకుపోయాయి, అంచుల్లో నారు పట్టాని వదిలి పైకి లేస్తోంది. డాబా మీది నీళ్ళ ట్యాంకు మూత తీస్తే అడుగున తుప్పు తప్ప ఏమీ లేదు.

వంటింట్లోకి వెళ్ళి రెండు బిందెలూ మోసుకొచ్చాను. కుండలో తాగేనీళ్ళు తెచ్చాను. చివరికి మంచం దగ్గర బేసిన్‌లో ఉన్న కారుడు నీళ్ళు కూడా తెచ్చి, ఎక్కడివి అక్కడికే పోశాను. ఒక్కసారి గుమ్మరిస్తే వేళ్ళు కదులుతాయని దోసిలితో చల్లుతూ రహ్మాన్ గారిని కేక వేశాను. ఆయన లుంగీ మీదే షాపు తెరిచి, అమ్మకానికి పెట్టిన, రంగు కలిపే కొత్త బకెట్లు తీసి, షాపు డ్రమ్ములోంచి నీళ్ళు నింపుకుని వచ్చారు. చీరల పందిరి మళ్ళీ కట్టి ఇద్దరం పిట్టగోడ నీడలో చతికిలపడ్డాం.

నాకు భయం వేసింది. నా ప్రమోషన్ ఆగిన రోజు కూడా అంత భయపడలేదు. నేను రోజూ ఎగతాళి చేసే మనిషి బతుకంతా ఆ పట్టా మీద ఉందని ఆ మధ్యాహ్నం ఒంటికి తెలిసింది.

"బతుకుతుందంటారా?" అన్నారు రహ్మాన్ గారు.

"ఏమోనండి."

ఎండ వాలాక ఆకులు ఒకటొకటే విచ్చుకున్నాయి. కిందికి వెళ్ళాను. మంచం దగ్గర టప్పుమంది. బేసిన్ కింద పెట్టి, కూర్చుని విన్నాను.

ఆ వారంలోనే కాలవకి నీళ్ళొచ్చాయి. ఊళ్ళో మిగతా రైతులు అప్పుడే వడ్లు నానబోసుకుంటుంటే మావాడు వ్యానేసుకుని వచ్చాడు. నారుని కొడవలితో పట్టీలుగా కోసి, చాపల్లా చుట్టి, అరటాకులు కప్పి ఎక్కించాడు. ఒక్క పట్టీ మాత్రం డాబా మీదే వదిలాడు.

"చచ్చిపోయిన చోట మళ్ళీ నాటడానికి ఉండాలి బావా. దీనికి నీళ్ళు ఆపకండి."

నాటిన నారు మొదట చచ్చినట్టే ఉంటుంది. పసుపుపచ్చగా తిరిగి బురదలో పడుకుంటుంది. వేరు పట్టుకుని, కొత్త ఆకు పచ్చగా లేస్తేనే బతికినట్టు. ఆసామి గట్టు మీదికొచ్చి, "ఈ గడ్డిపోచలా నిలబడేది? చూద్దాం," అని వెళ్ళాడట. పొక్లెయిన్ పక్క పొలంలో పని ముగించుకుని సిద్ధంగా ఉందని మావాడు ఫోనులో చెప్పాడు. వాడి గొంతులో తొందర లేదు. అదే నాకు బాగుండలేదు.

ఇక్కడ మబ్బులు పట్టాయి. రహ్మాన్ గారు వానలొచ్చేలోపు స్లాబు పగుళ్ళు పూడ్చి పూత వేయించాలని తాపీ మేస్త్రి అంతోనిని తీసుకొచ్చారు. అంతోని డాబా మీద సిమెంటు కలపడం మొదలుపెట్టగానే నేను అడ్డంగా నిలబడ్డాను.

"ఆ పట్టీ ఉండగా పూత వద్దండి. పూత వేస్తే ఆరేదాకా దాన్ని తియ్యాలి, నీళ్ళూ పొయ్యకూడదు."

"కారుతోందని ఇన్నాళ్ళూ గోల చేసింది మీరే కదండీ!"

"చేశాను. కారనివ్వండి."

"సిమెంటు గట్టిపడిపోద్దండి," అన్నాడు అంతోని.

"పడనివ్వవయ్యా!"

బందరు నుంచి తిరిగొచ్చిన బేగం బీ ఆ పట్టీ పక్కన పీట వేసుకుని కూర్చుని, నేను ఎప్పుడూ సరిగ్గానే మాట్లాడతానన్నట్టు తల ఊపింది. అంతోనికి టీ తెప్పించాం. వాడు తాగుతూ సిమెంటు వంకా మా వంకా చూశాడు.

కింద ఫోను మోగింది. రెండేసి మెట్లు దిగాను.

"బావగారూ, పచ్చబడింది. మొత్తం పచ్చబడింది. ఆసామి వచ్చి చూసి, పొక్లెయిన్‌ని పంపేశాడు. ఈ ఏటికి పొలమే అన్నాడు."

ఎకసెక్కం ఆడటం కూడా మరిచిపోయాను. రిసీవరు పట్టుకునే మెట్ల వైపు తిరిగి, "అంతోనీ, పూడ్చెయ్!" అని కేక వేశాను. అది డాబా దాకా వెళ్ళలేదు. జ్ఞానేశ్వరి నా మొహం చూసి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, నా బదులు తనే అరిచింది.

"ఏం పూడ్చాలి బావా?" అంటున్నాడు ఫోనులో మావాడు.