నీళ్లెప్పుడు పోసినావు?

అయినా నీళ్లెప్పుడు పోసినావని అడగడమేంది, రేడియేషన్ మెషీను నూటికి నాలుగు పాళ్లు తక్కువ ఇస్తోంది సార్ అంటే ఎవరైనా ముందు ఉలిక్కిపడతారు గదా, పెద్ద ఫిజిసిస్టు పెంచలప్రసాద్ సారు టీ గ్లాసు కూడా దించలేదు, మెషీను కింద పెట్టి కొలిచే తొట్టిలో నీళ్లెప్పుడు పోసినావమ్మా అన్నాడు, ఇప్పుడే సార్ అంది రూబీ, అయితే రేపు పొద్దున మళ్ళీ కొలువు అని వెళ్లిపోయాడు, రేపెందుకట, రాత్రికి రాత్రి మెషీను సరిచేసి ఏమీ ఎరగనట్టు కూర్చోడానికి కాకపోతే, మెడికల్ ఫిజిక్స్ చదివి నిన్నగాక మొన్న ట్రైనింగుకొచ్చిన పిల్ల, దీనికేం తెలుసులే అనుకున్నాడు, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే రకం కూడా కాదు, ఆరితేరినవాడు, పొద్దుటి చెకింగు సరిగ్గానే వచ్చిందట, చేసిందెవరు, ఆయనే, బస్సు సంగం దాటింది, పక్కన మేనత్త కామమ్మ కునుకుతోంది, గర్భసంచిలో క్యాన్సరు, రోజూ ఆ మెషీను కిందే పడుకునే మనిషి, ఇవాళ వద్దత్తా, ఉదయగిరి ఇంటికి పోదాం పద అని వరసలోంచి లేపుకొచ్చింది, ఒక్కరోజు కూడా మానగూడదని నువ్వే గదమ్మే చెప్పినావు అంటే సంచి అందుకుంది, మరేం చేస్తుంది, రేడియేషన్ చాలకపోతే గడ్డ చావదు, అది తెలిసే ఆయన తీరిగ్గా టీ తాగుతున్నాడు, ఎంత గుండె ధైర్యం.

ఆత్మకూరు బస్టాండులో అత్త మొహం కడుక్కుంటానంది, రూబీ కొళాయి తిప్పింది, అత్త దోసిలి పట్టి చటుక్కున లాక్కుంది, ఏందిమే, కాగబెట్టినట్టుండాయి నీళ్లు, పైన నల్ల ట్యాంకు ఎండలో ఉండాది గదత్తా, పట్టిపెడితే చల్లారతాయిలే, అంటూనే రూబీ తలెత్తి ట్యాంకు వైపు చూసింది, ఆసుపత్రి మేడ మీదా అదే నల్ల ట్యాంకు, తనూ పట్టిన వెంటనే కొలిచింది, నీళ్లెంత వేడిగా ఉంటే లెక్క అంత సరిచేయాలి, ఆ వేడి ఎక్కడ చూసింది, గోడ మీది థర్మామీటర్లో, ఏసీ గది చల్లదనం రాసుకుంది, అంటే ఆ నాలుగు పాళ్లు మెషీనులో పోలేదు, తన లెక్కలో పోయాయి, రేపు పొద్దున అన్నది రాత్రంతా నీళ్లు గదిలో చల్లారాలని, తనే కనుక్కుంటుందని ఆ ఒక్క ప్రశ్నా అడిగి వదిలేశాడు, కండక్టరు ఉదయగిరి ఉదయగిరి అని పిలుస్తున్నాడు, ఎనక్కి పోదామత్తా అంది రూబీ, మెషీను తక్కువ చేసిందనుకున్నది నాలుగు పాళ్లు, తను ఇవాళ అత్తకు నూటికి నూరు పాళ్లూ లేకుండా చేసింది.