మోకాళ్ళకు నచ్చిన కారు

మసీనా నెల రోజులుగా చర్చికి వెళ్ళడం లేదు. అడిగితే మోకాళ్ళ నొప్పులంటోంది. అసలు సంగతి కూతురు లోసాకు తెలుసు. నెల కిందట ఒక ఆదివారం తమ పాత కారులోంచి లేవలేక ఇరుక్కుపోతే, చర్చిలో పాడే మగవాళ్ళు చంకల కింద చేతులు వేసి ఆమెను బయటికి లాగారు. అందరూ చూశారు. ఆ అవమానం ముసలామెను ఇంట్లో కూర్చోబెట్టింది.

ఒక శనివారం లోసా తల్లినీ, పిన్ని పేపేనీ బతిమాలి, తాముండే మాంగెరె పేటలో, తమ వీధి చివరే ఉన్న కార్ల దుకాణానికి నడిపించుకెళ్ళింది. మసీనా నడకకు ఊతమిచ్చే చక్రాల చేతిబండి పట్టుకుని నెమ్మదిగా వచ్చింది.

దుకాణంలో డెరిక్ అనే కుర్రవాడు ఎదురొచ్చాడు. లోసా చూపు ఓ చిన్న ఎర్ర కారు మీద పడింది.

"పెట్రోలు చాలా తక్కువ తాగుతుందండీ. హైబ్రిడ్ కదా, పెట్రోలుతో పాటు బ్యాటరీ మీదా నడుస్తుంది, బ్రేకు వేసినప్పుడల్లా బ్యాటరీ నిండుతుంది" అన్నాడు డెరిక్.

"ప్లగ్గు పెట్టక్కర్లేదా బాబూ?" అంది పేపే.

"అక్కర్లేదండీ."

మసీనా తలుపు తీసి సీటు వంక చూసింది. "ఇది కారా, గొయ్యా? లోసా, నీకు పెట్రోలు ముఖ్యం, నాకు మోకాళ్ళు ముఖ్యం. పద."

తర్వాతి బండి మరీ ఎత్తు. పేపే ఒక కాలు పైన పెట్టి, రెండో కాలు నేల మీద నుంచి లేపలేక వేలాడింది.

"అక్కా, పట్టుకో!"

"నన్నెవరు పట్టుకుంటారే!" అని మసీనా పకపకా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో!

డెరిక్ తల గోక్కుని, వెనక వరసలో ఉన్న బూడిదరంగు బండి దగ్గరికి తీసుకెళ్ళాడు. అదీ హైబ్రిడే, కాస్త పాతది. తలుపు పక్కకి జరిగింది. సీటు సరిగ్గా నడుము ఎత్తున ఉంది. మసీనా వెనక్కి తిరిగి కూర్చుని, కాళ్ళు ఒక్కొక్కటే లోపలికి తిప్పుకుంది. ఎవరూ చెయ్యి వెయ్యలేదు. చేతిబండి మడవకుండానే వెనక పట్టింది.

"నడిపి చూడవే" అంది కూతురితో.

పేపే కూడా ఎక్కింది. డెరిక్ ముందు, లోసా పక్కన కూర్చున్నాడు. కాసేపటికి పేపే విసుక్కుంది: "ఇంకా స్టార్టు చెయ్యవేం?"

"పిన్నీ, వీధి దాటేశాం!"

ఇంజను రొద లేదు. ఆ నిశ్శబ్దంలో మసీనా చిన్నగా తమ సమోవా దీవుల పాటొకటి ఎత్తుకుంది. పేపే కింది స్వరం అందుకుంది. లోసా గొంతు కలిపింది. పాటలో మాటలు తెలియని డెరిక్ మోకాలి మీద తాళం వేశాడు.

"దుకాణానికి తిప్పనా అమ్మా?"

"అప్పుడేనా? సముద్రం వైపు పోనీ."

వంతెన దగ్గర ఒడ్డున ఆపగానే మసీనా తనే తలుపు జరిపి, నేల మీద కాళ్ళు ఆనించి లేచి నిలబడింది. గాలికి ఆమె పూల గౌను రెపరెపలాడింది. లోసా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

డెరిక్ మెల్లగా అడిగాడు. "మరి... తీసుకుంటారా అండీ?"

"తీసుకున్నట్టే నాయనా" అంది మసీనా, నీళ్ళ మీద నుంచి చూపు తిప్పకుండా. "నీకు ఆకలేస్తోందా? ఆ మలుపులో చేపల వేపుడు బాగుంటుంది. లోసా, పోనీ!"