గున్నమ్మ గంప దించిన చోటు

ఇరవై రెండేళ్లుగా స్థలాలు అమ్ముతున్నాను. నేను నోరు విప్పితే శ్రీకాకుళం చుట్టుపక్కల బీడు భూములు కూడా బంగారమైపోయేవి. అలాంటి నాకు, మొన్న మొన్ననే నా కింద పనిలో చేరిన ఈశ్వరి పాఠం చెబుతుందని ఎవరన్నా అంటే నవ్వేసేవాణ్ణి.

మా కంపెనీ కట్టిన షాపింగ్ కాంప్లెక్స్‌లో ఏడాదిగా ఒక్క షాపూ కదల్లేదు. నెలాఖరులోగా ఒక్కటైనా అమ్మకపోతే ఇద్దరూ వేరే పని చూసుకోండని యజమాని చెప్పేశాడు. సరిగ్గా అప్పుడే గరివిడి నుంచి బట్టల వ్యాపారి ధనరాజును పట్టుకొచ్చాను. బస్టాపు ఎదురుగా ఉన్న కార్నర్ షాపు చూసి మనిషి మురిసిపోయాడు. అడ్వాన్సు చెక్కు జేబులోంచి తీశాడు కూడా.

“ఒక్క సాయంత్రం ఆగండి సార్. మా అమ్మ వస్తాది,” అంది ఈశ్వరి.

నాలుగింటికి వాళ్ళమ్మ గున్నమ్మ చేపల గంపతో వచ్చి ఆ షాపు మెట్ల ముందు కూర్చుంది. ఇదివరకు పనిచేసిన చోట కూడా, ఏ షాపైనా అమ్మే ముందు వాళ్ళమ్మను అక్కడ ఓ పూట కూర్చోబెట్టడం ఈశ్వరి పద్ధతట! సిగ్గుతో చచ్చిపోయాను. చీరల షాపు చూపిస్తూ పక్కన కానాగంత చేపల వాసనా?

బస్సులు వచ్చాయి. జనం దిగారు, పోయారు. దీపాలు పెట్టే వేళకి గంపలో సగం చేపలు అలాగే ఉన్నాయి.

“ఈ షాపు కొనకండి సార్. ఇక్కడ మనిషి ఆగడు,” అంది ఈశ్వరి.

ధనరాజు చెక్కు మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నేను ఒంటికాలి మీద లేచాను.

“నీకేటైనా పిచ్చా? వచ్చిన లక్ష్మిని కాలదన్నుతావా? రేపట్నుంచి మనం ఏటి తినాలి?”

“ఆయన ఉన్నదంతా పెడతన్నాడు నరసింగరావు గారూ,” అంది. ఉద్యోగం పోతుందని తనకీ భయమే.

మర్నాడు సాయంత్రం ధనరాజు మళ్ళీ ఊడిపడ్డాడు. “కొనొద్దని సెప్పిన బ్రోకర్ని ఇదే సూడ్డం. మీ అమ్మేది?” అని ఈశ్వరిని అడిగాడు. గున్నమ్మ రాగానే, “అమ్మా, నువ్వైతే గంప ఎక్కడ దింపుతావు?” అన్నాడు.

ఆవిడ కాంప్లెక్స్ చుట్టూ నడిచింది. వెనక వైపు, చూపించడానికి కూడా నేను నామోషీ పడే ఆరో నంబరు షాపు ముందు గంప దించింది. ఎచ్చెర్ల వెళ్ళే ఆటోలు ఆగేది అక్కడే. నిండేదాకా ఒక్కటీ కదలదు.

“బస్సు దిగినోలు ఇంటికి పరిగెడతారు బాబూ. ఆటో నిండేదాక కూకున్నోలు బేరమాడతారు.”

“చేపలకీ చీరలకీ ఒకటేనా?” అన్నాను ఎకసెక్కంగా.

“కొనీవోలు ఒకలే కదా!”

గంటలో గంప ఖాళీ. ఇరవై రెండేళ్లుగా ఈ రోడ్ల మీదే తిరుగుతున్నాను, ఆ ఆటోల దగ్గర కాచుకుని కూర్చునే జనం ఒక్కనాడూ నా కంటికి ఆనలేదు. ఈశ్వరి కన్నా వయసులో పెద్దవాణ్ణి కాకపోతే దణ్ణం పెట్టేవాణ్ణి.

ధనరాజు ఆరో నంబరు కొన్నాడు. మా ఉద్యోగాలు నిలిచాయి.

నిన్న ఒక మందుల షాపాయన కార్నర్ షాపు చూసి ముచ్చటపడ్డాడు. “ఇంతకన్నా మంచి చోటు దొరకదండీ” అన్న మాట అలవాటు కొద్దీ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

“సాయంత్రం దాకా ఆగండి. గున్నమ్మ గారు రావాలి,” అన్నాను.