వాగు గట్టు పేరంటం

కోతులవాగు తన దారి తాను మరిచిపోయి పున్నమ్మ చేలోంచి నడవడం మొదలుపెట్టి అప్పటికి రెండేళ్ళు. తప్పు వాగుది కాదు. ఎగువ మల్లవరం వాళ్ళు గట్ల మీద చెట్టూ చేమా నరికి మిరప వేశారు. మట్టంతా కొట్టుకొచ్చి వాగులో పడింది. దిగువ మల్లవరం వాళ్ళు ఆ మేట చూసి, ఊరికే వదిలేస్తే పాపమన్నట్టు దాని మీద పత్తి పెట్టారు. ఇక వాగు మాత్రం ఎటు పోతుంది? మెత్తనివాళ్ళని చూస్తే మొత్తబుద్ధవుతుందంటారు. మొగుడు పోయి ఒంటరిగా సేద్యం చేసుకుంటున్న పున్నమ్మ చేనే దానికి మెత్తగా కనపడింది.

ఉన్నవి రెండెకరాలు. ఆమె తిండీ బట్టా అందులోంచే రావాలి. మొదటి ఏడు వానలకి ఓ మూల చెక్క కొట్టుకుపోయింది. రెండో ఏడు చేను నడిమధ్య గండి పడింది. ఈ వానాకాలం కూడా వాగు ఇటే వస్తే ఇక చేననేది ఉండదు, ఆమె గట్టున నిలబడి చూడ్డమే ఉంటుంది. ఎనభై ఒకటో సంవత్సరం ఎండాకాలమంతా పున్నమ్మకి అన్నం సయించకపోవడానికి కారణం ఇదే.

అర్జీలు పెట్టగా పెట్టగా ఒక ఇంజనీరు జీపులో వచ్చాడు. ఎర్రటెండలో పత్తి మోళ్ళ మధ్య నిలబడి, "వాగు ఎక్కడమ్మా?" అని అడిగాడు.

"మీరు నిలబడింది దాన్లోనేనండి," అంది పున్నమ్మ.

ఆయన కిందికి చూసుకుని, నీళ్ళేమన్నా అంటుకున్నాయేమోనన్నట్టు బూట్లు దులుపుకున్నాడు. ఇటు గట్టు జగ్గయ్యపేట సమితి కిందా, అటు గట్టు నందిగామ సమితి కిందా వస్తాయి కాబట్టి, మధ్యలో మట్టి ఎవరు తియ్యాలో పైకి రాసి కనుక్కోవాలన్నాడు. "అయినా రెండూళ్ళ వాళ్ళూ కలిస్తే ఇది ఒక్క పూట పనండీ," అని ఉచితంగా ఒక సలహా పారేసి జీపెక్కాడు.

కలిస్తేనట. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

అప్పటికీ పున్నమ్మ పోరు పడలేక ఎగువ మల్లవరం వాళ్ళు డప్పు కొట్టించారు. ఇంటికో మనిషి, పారా తట్టా పట్టుకుని రావాలని రెండూళ్ళలోనూ చాటించారు. దిగువ మల్లవరం పెద్దమనిషి జగన్నాథరావు అరుగు మీంచి కదల్లేదు. "డప్పేసి పిలిస్తే పోడానికి మనవేవన్నా వేలంపాటకి పోతన్నావా?" అన్నాడు. అసలు సంగతి ఏమిటంటే, వాగు పాతదారి మీద ఉన్న పత్తి ఆయనదే. ఆయన కదలకపోతే ఆ ఊళ్ళో ఈగ కూడా కదలదు. దిగువ వాళ్ళు దిగితే గానీ మేం దిగమని ఎగువ వాళ్ళు కూడా పారలు తిరగేసుకుని ఇళ్ళకి పోయారు.

డప్పు తప్పయితే మరి ఒప్పేది? పున్నమ్మ రెండు రోజులు ఆలోచించింది. బొట్టు పెట్టి పిలవాలి. బొట్టు పెట్టి పిలిచాక పోకపోతే అది పిలిచిన వాళ్ళకి కాదు, పోని వాళ్ళకే తలవంపులు. అయితే ఆ పిలుపులకి తను పనికిరాదు. మొగుడు పోయిన ఆడది కుంకంభరిణ పట్టుకుని గడపెక్కితే దాన్ని పిలుపనరు, అపశకునమంటారు. ఆ సంగతి గుర్తుకొచ్చి ఆమెకి ఒళ్ళు మండింది. కాసేపు పొయ్యి ముందు కూర్చుని లోకాన్నంతా పేరుపేరునా తిట్టింది. తిట్టినంత మాత్రాన పూడిక పోదు గనక, తర్వాత లేచి సౌభాగ్యమ్మ ఇంటికి పోయింది.

సౌభాగ్యమ్మ ఎగువ మల్లవరంలో కిరాణాకొట్టు పుల్లయ్య భార్య. చుట్టుపక్కల ఎవరింట్లో శుభకార్యమైనా పిలుపులకి ఆమే వెళ్ళాలి.

"అక్కా, రెండూళ్ళూ పిలవాల. సోమవారం పొద్దున్నే వాగు పూడిక తియ్యటానికి ఇంటాయన్ని పార ఇచ్చి పంపమని చెప్పాల," అంది పున్నమ్మ.

"నాకు నేర్పుతన్నావా? పెళ్ళయిన కాణ్ణించీ పిలుపులు పిలుస్తానే ఉన్నా," అంది సౌభాగ్యమ్మ.

అదే కొంప ముంచింది. పెళ్ళయిన నాటి అలవాటు నాలుక మీద పీట వేసుకుని కూర్చుని ఉంది. గడప దగ్గర బొట్టు పెట్టీ పెట్టగానే ఆ నోరు దానంతటదే, "సోమవారం పొద్దున్నే వాగు గట్టున పేరంటం, అందరూ తప్పకుండా రావాల," అనేసింది. పూడిక మాట గానీ పార మాట గానీ ఒక్క ఇంట్లో కూడా బయటికి రాలేదు. పోనీ పిలిపించుకున్న వాళ్ళయినా అడగొద్దూ? అడగరు. బొట్టు పెట్టించుకున్నాక దేనికని అడగడం మర్యాద కాదు, ఎన్నింటికని మాత్రమే అడగాలి. వానల కోసం గంగమ్మకేదో నోము కాబోలని దిగువ మల్లవరం ఆడవాళ్ళు తమలో తామే తేల్చుకుని బీరువాలు తెరిచారు.

సోమవారం పొద్దున పున్నమ్మ గట్టు మీద పారలూ తట్టలూ కుప్ప పోసి ఎదురుచూస్తూంటే, ఎగువ నుంచీ దిగువ నుంచీ బళ్ళు దిగబడ్డాయి. బళ్ళనిండా పట్టుచీరలు, మల్లెపూలు, కాసులపేర్లు. పట్టుచీరతో ఎవరూ పొలాల్లో నడవరు కాబట్టి మొగుళ్ళు ఇస్త్రీ పంచెలు కట్టుకుని బళ్ళు తోలుకొచ్చారు. జగన్నాథరావు కూడా తోలుకొచ్చాడు. ఆయన పక్కన ఆకుపచ్చ పట్టుచీరలో ఆయన భార్య భారతీదేవి.

పున్నమ్మ సౌభాగ్యమ్మ బండి దగ్గరికి పరిగెత్తింది. "సౌభాగ్యమ్మక్కా, ఏం చెప్పి పిలిచావ్?"

"చెప్పాల్సిందే చెప్పా," అని ఒక్క క్షణం ఆగి, సౌభాగ్యమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

భారతీదేవి బండి దిగి చుట్టూ చూసింది. "తాంబూలాలు ఎక్కడ పెట్టారు?" అని అడిగింది.

అబద్ధమాడటానికి పున్నమ్మ దగ్గర అబద్ధం కూడా సిద్ధంగా లేదు. "తాంబూలాలు లేవు వదినా. పారలున్నయ్యి. వాగు మళ్ళీ ఇటే వస్తే నా చేను పోద్ది. మనుషులు రావాలని పిలిపించా. పట్టుచీరల్లో వస్తారనుకోలా."

ఎవరో కిసుక్కున నవ్వారు. జగన్నాథరావు మాత్రం నవ్వలేదు. ఎద్దుల్ని వెనక్కి మళ్ళిస్తూ, "ఎక్కు, పోదాం. ఇది పేరంటం కాదు, దొంగ పిలుపు," అన్నాడు.

"కాదని మీరెట్లా చెబుతారు? బొట్టు మీకు పెట్టారా?" అంది భారతీదేవి.

బండి ఆగింది.

"నాకు పెట్టారు. బొట్టు పెట్టించుకుని వచ్చి, పిలిచిన పని ముట్టుకోకుండా తిరిగిపోతే మంచిదా? ఎవరి పసుపుకుంకాలు చూసుకుని పొమ్మంటారు నన్ను?"

ఆ పసుపుకుంకాలు ఎవరి ప్రాణానికి సంబంధించినవో జగన్నాథరావుకి వెంటనే అర్థమైంది. భారతీదేవి కుచ్చిళ్ళు పైకి దోపుకుని తట్ట అందుకుంది. అది చూసి ఎగువ మల్లవరం ఆడవాళ్ళు ఊరుకుంటారా? దిగువ వాళ్ళు ఒక తట్ట మోస్తే రెండు మోస్తామన్నారు. పెళ్ళాలు పట్టుచీరల్లో మట్టి మోస్తూంటే, పొరుగూరి వాళ్ళ ముందు నీడన కూర్చోవడానికి మొగాళ్ళకి మొహం చెల్లలేదు. ఇస్త్రీ పంచెలు మోకాళ్ళ పైకి లేచాయి. పుల్లయ్య కొట్టుకి పరిగెత్తి బస్తాడు పుట్నాలూ బెల్లమూ తెచ్చి, పేరంటమన్నాక ఏదో ఒకటి పెట్టాలిగా అని పంచాడు. మీ మట్టి అంటే మీ మట్టి అని రెండూళ్ళ వాళ్ళూ దెప్పుకుంటూనే తవ్వారు. దెప్పుకునే కొద్దీ పని జోరుగా సాగింది.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి తవ్వుడు జగన్నాథరావు పత్తిచేను కంచె దగ్గరికి వచ్చి ఆగిపోయింది. వాగు పాతదారి ఆ తుమ్మకంప వెనకే ఉంది. అందరూ పారల మీద చేతులు వేసుకుని ఆయన వంక చూశారు. ఆయన కాదంటే పొద్దుట్నుంచీ పడిన చాకిరీ అంతా బూడిదలో పోసిన పన్నీరే.

భారతీదేవి వెళ్ళి తుమ్మకంప పట్టుకుని లాగబోయింది.

"ముళ్ళు గుచ్చుకుంటయ్యి. తప్పుకో," అన్నాడు జగన్నాథరావు. ఆమెని పక్కకి జరిపి, మొహం గంటు పెట్టుకుని కంప తనే పీకాడు. సాయంత్రానికి పాతదారి తెరుచుకుంది. పున్నమ్మ చేను వైపు మట్టికట్ట లేచింది.

తవ్వగా మిగిలిన పట్టెలో జగన్నాథరావు మళ్ళీ పత్తి గింజ పెట్టాడు. పున్నమ్మ గండి పూడ్చుకుని మిరపనారు పోసుకుంది. ఇద్దరూ ఎదురుపడితే ఆయన ఆకాశం వంక చూసేవాడు. పేరంటం పేరుతో తన పొలం తవ్వించిందని ఆయనకి కోపం. నిజం చెప్పాలంటే ఆ కోపం సబబే, కాకపోతే ఆ పొలం ఆయనది కాదు.

శ్రావణంలో వాన పట్టుకుని వదల్లేదు. తెల్లవారగానే పున్నమ్మ తట్టా పారా తీసుకుని, గోనెసంచి నెత్తిన కప్పుకుని వాగు దగ్గరికి పరిగెత్తింది. ఎర్రనీళ్ళు సుళ్ళు తిరుగుతూ పాతదారినే పోతున్నాయి. అయితే కొత్త మట్టికట్ట ఒక చోట కోసుకుపోతోంది. ఆ కోత దగ్గర నడుంలోతు నీళ్ళలో ఎవరో నిలబడి కొమ్మలు అడ్డం వేసి మట్టి ఎత్తిపోస్తున్నారు. దగ్గరికి పోయి చూస్తే జగన్నాథరావు. ఆయన వెనక ఆయన పత్తి సగానికి మునిగి ఉంది. ఆయన అటు తిరిగి కూడా చూడటం లేదు.

"అన్నయ్యగారూ, మీ పత్తి పోతంది," అంది పున్నమ్మ.

"కళ్ళు నాకూ ఉన్నయ్యిలే. ఇటు తెగిందంటే వచ్చే ఎండాకాలం నువ్వు మళ్ళీ పేరంటం పెడతావ్. మా ఆవిడ మళ్ళీ తట్ట ఎత్తుద్ది. నావల్ల కాదు తల్లీ," అన్నాడాయన. చేతిలో పార మాత్రం ఆపలేదు.

పున్నమ్మకి ఏడుపొచ్చింది. మొగుడు పోయిననాడు కూడా నలుగురి ముందు ఏడవని మనిషి, తట్ట పట్టుకుని నీళ్ళలోకి దిగుతూ బావురుమంది. ఆయన బిత్తరపోయి పార ఆపాడు. ఆమె ముక్కు చీదుకుని, కోత వంక చూసి, ఏడుస్తూనే అంది:

"మట్టి అక్కడ గాదండి అన్నయ్యగారూ. ఇదుగో, ఇక్కడ వెయ్యండి."