నడిమి సీట్లో లిమిట్

నేను పదకొండేళ్లుగా ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. శాండ్‌విచ్ సిద్ధాంతం మాత్రం ఒక్కడి బుర్రకూ ఎక్కించలేకపోయాను. కింద ఒక ఫంక్షన్, పైన ఒక ఫంక్షన్. ఆ రెండూ ఒకే లిమిట్‌కు పోతే, నడుమ ఇరుక్కున్న ఫంక్షన్ కూడా చచ్చినట్టు అక్కడికే పోతుంది. ఇంతే. దీనికి కూడా నోళ్లు తెరుచుకుని చూస్తారు మొద్దులు.

ఆ రోజు జడ్చర్లలో ఒక ప్రైవేటు కాలేజీలో పదకొండింటికి నా డెమో క్లాసు. పాఠం అదే. ఈ ఉద్యోగం రాకపోతే బావమరిది చికెన్ సెంటర్‌లో కూర్చోవాలి. దేవరకొండలో బస్సెక్కితే ముగ్గురి సీట్లో నడిమి జాగా దొరికింది. కిటికీ వైపు నర్సింగమ్మ, ఇటువైపు సైదమ్మ. ఇద్దరూ బాగా పుష్టిగల మనుషులు. నా చేతులు ఎక్కడున్నాయో నాకే తెలియలేదు. భయమేసి, ఎక్కడ దిగుతారని ఇద్దరినీ అడిగాను. నర్సింగమ్మ జడ్చర్ల దవాఖానకట. సైదమ్మ కల్వకుర్తిలో ఓణీల ఫంక్షన్‌కట. లిమిట్లు వేరు గనుక సిద్ధాంతం నాకు వర్తించదని ఊపిరి పీల్చుకున్నాను.

అంతలో వాళ్లిద్దరూ నా తల మీదుగా ఊళ్లు కలుపుకున్నారు. నర్సింగమ్మ తల్లిగారిది మర్రిగూడ. సైదమ్మ వాళ్ల అన్నకు పిల్లనిచ్చిందీ మర్రిగూడవాళ్లే.

"అయితె నువ్వు నాకు వదినవైతవ్," అంది సైదమ్మ. "ఫంక్షన్‌కు రాకుంటె ఎట్ల?"

"దవాఖాన రేపు గూడ ఉంటది తియ్యి," అంది నర్సింగమ్మ.

ఇద్దరి లిమిట్ ఒకటైపోయింది. కల్వకుర్తిలో ఇద్దరూ ఒక్కసారే లేచారు. వాళ్లతోపాటు నేనూ లేచాను. నాది జడ్చర్ల అని మొత్తుకున్నా వినే నాథుడు లేడు. నా కాళ్లు నేలకు ఆనేసరికి ఫంక్షన్ హాల్లో ఉన్నాను, ముందు బగారా అన్నం ఉంది.

ప్రిన్సిపాల్ విజేందర్‌కు ఫోన్ చేశాను. ఫంక్షన్‌లో ఉన్నానంటే ఏ ఫంక్షనని అడిగాడు. నడిమిదని చెప్పి, జరిగిందంతా పూసగుచ్చినట్టు వివరించాను. ఆయన స్పీకర్ పెట్టి క్లాసుకు వినిపించాడు. చివర్లో ఒక అమ్మాయి, ఇన్నాళ్లకు సమజైంది సార్ అంది. పదకొండేళ్లలో ఆ మాట వినడం అదే మొదటిసారి. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుని, ఉద్యోగం ఖాయమేనా అని అడిగాను.

"పాఠం మస్తు చెప్పిన్రు సార్," అన్నాడాయన. "కాని మీరు జడ్చర్లకు రారని మీరే రుజువు చేసిన్రు గద. రానోళ్లకు నౌకరీ ఎట్లిస్తం?"

ఆ రుజువును మొదటి నుంచి చివరిదాకా సరిచూశాను. అర మార్కు కొట్టెయ్యడానికి కూడా ఎక్కడా సందు దొరకలేదు.