గంగాబాయి ఏరిన గింజలు

తలుపు సందులోంచి ఒక గీత ఎండ.

పొద్దు తిరగగానే గడప దగ్గర పుడుతుంది. మెల్లగా చాప దాకా పాకుతుంది. సాయంత్రానికి ఎదుటి గోడ ఎక్కి, దేవుడి గూటి కింద ఆగి, ఆరిపోతుంది. వేలు పెట్టి చూస్తే చురుక్కుమంటుంది.

ఆ గీత ఉన్నంతసేపూ సదాశివ్ పెరట్లోకి పోలేడు.

ఆ గీత ఉన్నంతసేపూ అతను గంగాబాయి మనిషి.

బీదర్ బీదరంతా ఎండను తిట్టుకుంటోంది. గంజ్‌లో బస్తాలు మోసే హమాలీలు తిట్టుకుంటున్నారు. టాంగా గుర్రాలు కూడా తిట్టుకుంటున్నట్టే తలలాడిస్తున్నాయి. ఎర్రమట్టి కాలి కాలి ఇటుకలా అయింది. మిరుగు కార్తె ఎప్పుడు వస్తుందా, మొదటి చినుకు ఎప్పుడు పడుతుందా అని ఊరంతా మొహాలెత్తి చూస్తోంది.

గంగాబాయి మాత్రం చూడదు.

ఇంకొక్క వారం స్వామీ... ఇంకొక్క వారం ఇట్లాగే కాయనీ — అని దీపం పెట్టినప్పుడల్లా మొక్కుకుంటుంది. ఈ మొక్కు ఇరుగుపొరుగు చెవిన పడితే చీపురు తిరగేస్తారు. పడనీ. ఆమె బాధ ఆమెది.

పెళ్ళయిన నాటినుంచీ దుకాణమే ఆమెకు సవతి. కందులు, బెల్లం, ధనియాలు... పొద్దున లేస్తే తూకం, పొద్దుపోతే తాళం. అన్నం కూడా నిలబడే తిన్నాడు ఆ మనిషి. కొడుకులు ఎదిగి గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాక, హమ్మయ్య, ఇక ఈయన నాకు దక్కాడు అనుకుంది.

ఎక్కడ దక్కాడు!

నెల తిరక్కముందే పార పట్టుకుని పెరట్లోకి దిగాడు. దుకాణం సవతి పోయి తోట సవతి వచ్చింది. పాత సవతికి రాత్రయితే తాళమైనా పడేది. దీనికి అదీ లేదు.

చిక్కుడు, బీర, వంగ, సీతాఫలం... ఒక్కొక్కదాన్నీ పలకరిస్తాడు. వాడిన వంగమొక్క ముందు గొంతుక్కూర్చుని, "ఏమాయెనే నీకు? మొకం గట్ల ఏలాడేసినవ్?" అని అడుగుతాడు. ఎంత మెత్తగా అడుగుతాడనీ!

మొన్న కార్తీకంలో గంగాబాయికి జ్వరం కాసింది. మంచం దిగలేకపోయింది. అంత మెత్తగా ఎవరడిగారు?

ఆ వంగమొక్క కాయలు కూర వండి పెట్టింది తనే. ఉప్పు కాస్త ఎక్కువే వేసింది.

అందుకే ఆమెకు ఎండాకాలం పండుగ.

పోయిన ఏడు బావి గట్టు దగ్గర వడదెబ్బ తగిలి పడిపోయాడు సదాశివ్. పొద్దు చల్లబడేదాకా గడప దాటొద్దని డాక్టరు కట్టడి చేశాడు. ఆ డాక్టరు పిల్లాపాపలతో చల్లగా ఉండాలి. పెద్దకోడలు పిల్లల్ని తీసుకుని పుట్టింటికి పోయింది. కొడుకులు దుకాణంలో ఉంటారు.

గొళ్ళెం పెడితే — ఇంట్లో ఇద్దరే.

మొదట్లో కట్టేసిన కోడెలా తిరిగాడు. కిటికీ సందులోంచి పెరడు చూసి నిట్టూర్చాడు. పార తుడిచాడు. తుడిచిన పారే మళ్ళీ తుడిచాడు. ఆమె చింతపండు గంప తెచ్చి ముందు పెట్టింది. చేతులు ఊరుకోవు కదా, పని చూపిస్తే పట్టుకుంటాయి.

అతను కొడతాడు, ఆమె గింజ తీస్తుంది. అతను తాడు పేనుతాడు, ఆమె వత్తులు చేస్తుంది. అతను విరిగిన మంచం కోడు బిగిస్తాడు, ఆమె పట్టుకుంటుంది. విసుగొస్తే నేల మీద సుద్దతో పచ్చీసు గళ్ళు గీస్తుంది. గవ్వలు వేస్తారు. చింతగింజలే పందెం. ఆమె ఓడిపోబోతుంటే అతను కావాలనే కాయ తప్పుగా కదిపి, "అరె, కండ్లు కనవడుతలేవ్" అంటాడు.

ఇన్నేళ్ళ కాపురంలో చూడని నవ్వు ఈ ఎండల్లో చూసింది.

ఎండ గీత చాప దాకా వస్తే, నెమ్మదిగా పాకవే తల్లీ, నీకేం తొందర — అనుకుంది.

కానీ నెత్తి మీద గుమ్మడికాయ ఉండేది.

దూలానికి తాడుతో వేలాడేసిన ఒకే ఒక్క గుమ్మడికాయ. చలికాలం నుంచి మొన్నటిదాకా అక్కడే ఉంది. కూర్చున్నా కనబడేది, పడుకున్నా కనబడేది. పచ్చీసులో ఆమె గెలిచిన పూట కూడా పైనుంచి చూస్తూనే ఉండేది.

అది కాశీబాయి గుమ్మడి.

కాశీబాయి సదాశివ్ మేనమామ కూతురు. ఖటక్ చించోళిలో ఉంటుంది. ఇది మావాడికే అని పుట్టినప్పుడే పెద్దలు అనుకున్న పిల్ల. పోలీస్ యాక్షన్ ఏడు ఊళ్ళన్నీ గడబిడ అయ్యాయి. దారులు మూతపడ్డాయి. ఎవరు ఎక్కడ ఉన్నారో తెలియని రోజుల్లో, ఉన్న ఊళ్ళోనే పిల్లను చూసి గంగాబాయితో ముడివేశారు. దారులు తెరుచుకునేసరికి కాశీబాయికి ఆ ఊళ్ళోనే ఇంకో సంబంధం చూడాల్సి వచ్చింది.

పెళ్ళిపందిట్లో ఎవరో ముసలమ్మ నవ్వుతూ అంది — "సదాశివునికి నెత్తి మీద గంగ ఉంటే ఏంది బిడ్డా... కాపురం కాశీలనే గద!"

అందరూ నవ్వారు. గంగాబాయి కూడా నవ్వింది. ఆ ముల్లు మాత్రం ఇప్పటికీ అరికాల్లోనే ఉంది.

కాశీబాయిని ఒక్కసారే చూసింది, మన్నళ్ళిలో ఒక పెళ్ళిలో. నల్లగా, పొట్టిగా, నోటి దురుసుతో ఉంటుందనుకుంది. ఉంటే ఎంత బాగుండేది! పక్కన వచ్చి కూర్చుని, వక్క కత్తిరించి చేతిలో పెట్టింది. గంగాబాయి ఆ వక్క తినలేదు. కొంగున కట్టుకుని, తిరిగివచ్చే దారిలో పారేసింది.

సదాశివ్ తోట మొదలుపెట్టిన ఏడు, గుడ్డపేలికలో గింజలు వచ్చాయి. బావ తోట వేసిండట, ఇది మా పెరటి గుమ్మడి — అని. అంతే. ఆ తీగ పెరడంతా పాకింది. గోడ ఎక్కింది. పెంకుల మీదికి ఎక్కి, గంగాబాయి పడుకునే గదికి సరిగ్గా పైన కాయలు పెట్టి కూర్చుంది.

ఎవరి ఇంటి మీద వాళ్ళ తీగ కాస్తుంది. ఈమె ఇంటి మీద కాశీబాయి కాసింది.

మొన్న ఆ చివరి కాయను దించారు. గుమ్మడికాయకు మొదటి వేటు ఆడవాళ్ళు వేయకూడదు కదా, అతనే కత్తి పెట్టాడు. పెడుతూ అన్నాడు — "పైలంగ తియ్యే గంగా. మంచియి ఏరి బూడిదల కలిపి మూట కట్టు. తాలువి ఏంచుకుని తిందాం. మొదటి చినుకు పడంగనే పెట్టాలె."

పైలంగ... భద్రంగా...

ఆ మాట తన కోసం ఎన్నడూ అనలేదు.

గింజలు కడిగింది. ఆరబెట్టింది. ఇవాళ మధ్యాహ్నం అతను చాప మీద కునుకు తీస్తుంటే, చాట ముందు పెట్టుకుని కూర్చుంది. ఎండ గీత చాట మీద పడింది. గట్టి గింజ వేలికి నిండుగా తగులుతుంది. తాలు గింజ నొక్కితే లోపలికి పోతుంది.

గట్టివి ఒక పక్క. తాలువి ఒక పక్క.

నిండువి ఒక పక్క. ఒట్టివి ఒక పక్క.

ఇవి మళ్ళీ మొలుస్తాయి. మళ్ళీ పాకుతాయి. మిరుగు రాగానే ఈయన గొళ్ళెం తీసి బయటికి పోతాడు. ఈ తీగ పక్కన గొంతుక్కూర్చుని మెత్తగా మాట్లాడతాడు. పచ్చీసు గళ్ళు చెరిగిపోతాయి. తను వంటింట్లో... వింటూ ఉంటుంది.

వినదు. ఇక వినదు.

తాలు గింజలను బూడిదలో కలిపింది. పేలికలో మూట కట్టి ఉట్టి మీద పెట్టింది.

గట్టి గింజలను చాటతో సహా వంటింట్లోకి తీసుకుపోయింది.

ఎవరికి తెలుస్తుంది? మొలవకపోతే విత్తనం పట్టలేదంటారు. ఎండ ఎక్కువైందంటారు. ఎండ మీద ఎన్ని నిందలు లేవు, ఇదొకటి.

పెనం కాలింది. ఒక వాయి వేసింది. చిటపట... చిటపట... ఉప్పునీళ్ళు చిలకరించింది. ఇల్లంతా కమ్మటి వాసన. కాశీబాయి వేగితే ఇంత కమ్మగా ఉంటుందా అనుకుంది. అనుకుని లెంపలు వేసుకుంది. లెంపలు వేసుకుని, గరిట తిప్పింది.

చాటలో ఇంకో గుప్పెడు మిగిలాయి. రెండో వాయికి.

ఆ వాసనకే సదాశివ్ లేచాడు. పళ్ళెం తెచ్చి ముందు పెట్టింది. ఒక్కొక్క గింజనూ పంటితో చిట్లించి తిన్నాడు. కొన్ని పొట్టు తీసి ఆమె అరచేతిలో కూడా పెట్టాడు. తిన్నది. రుచిగానే ఉన్నాయి.

"ఈ ఏడు తాలు గింజలు గూడ గింత గట్టిగున్నయేందే?"

దొంగకు తేలు కుట్టినట్టయింది. చెమట పట్టిన భుజాన్ని కొంగుతో తుడుచుకుంది.

అతను నవ్వాడు. "అరె, గుమ్మడికాయ దొంగ లెక్క భుజాలు తడుముకుంటున్నవేందే!"

తెలిసి అన్నాడా? తెలియక అన్నాడా? ఆ కళ్ళల్లో వెతికింది. ఆ కళ్ళు పళ్ళెం మీదే ఉన్నాయి.

"చెప్పుడు మరిచిన" అన్నాడు, ఇంకో గింజ కొరుకుతూ. "పొద్దుగాల ఖండప్ప కలిసిండు."

ఖండప్ప ఖటక్ చించోళి రైతు. దుకాణానికి కందులు తెస్తుంటాడు.

"కాశీ కబురు పంపిందట. దాసుకున్న ఇత్తనమంతా ఎలుకలు కొట్టినయట. ఒక్కటి మిగల్లే. ఇగ మనతాన ఉన్నదే ఉన్నది. సగం పంపుమన్నది. మాపటి బస్సుకు పోయేటప్పుడు ఖండప్ప వచ్చి తీస్కపోతడు."

గంగాబాయి నోట్లో గింజ నోట్లోనే ఉండిపోయింది.

అక్కడ ఎలుకలు. ఇక్కడ తను.

మంచిదే అయింది — అని మొదట అనిపించింది. దాచడమెందుకు, అదే అనిపించింది. ఖండప్ప ఆ తాలు మూటలో సగం తీసుకుపోతాడు. కాశీబాయి పాదు చేసి, గింజ పెట్టి, నీళ్ళు పోసి కూర్చుంటుంది. రోజూ వంగి చూస్తుంది. ఏమీ రాదు. బావ ఒట్టి గింజలు పంపాడు అనుకుంటుంది. తన అరికాలి ముల్లు అక్కడికి పోయి గుచ్చుకుంటుంది. గుచ్చుకోనీ.

"ఇంకోటి గూడ అన్నదట" అన్నాడు సదాశివ్. "గంగక్కనే ఏరుమనుండ్రి అన్నదట. పోయిన ఏడు నువ్వు ఏరి పంపినయి ఒక్కటి పోకుంట అన్నీ మొలిచినయట. గంగక్క చెయ్యి ఎసొంటిదో నాకు ఎరికె, ఆమె ఏరితే తాలు ఉండది, అన్నదట."

గంగక్క.

అక్కట! ఎవరికి అక్క?

తిట్టి ఉంటే బాగుండేది. ఏడ్చి ఉంటే, ఎత్తిపొడిచి ఉంటే, గంగాబాయి హాయిగా రెండో వాయి వేసుకునేది. ఈ మంచితనం కూడా ఆమెకే కావాలా? బావను వదులుకున్నదీ ఆమే. పెంకుల మీదికి ఎక్కి కాసిందీ ఆమే. ఇప్పుడు అక్కా అని పిలిచి ఇంకాస్త పైకెక్కి కూర్చున్నదీ ఆమే. మరి తనకు మిగిలిందేమిటి?

కాలిన పెనం.

లేచి వంటింట్లోకి పోయింది. పొయ్యిలో నిప్పు ఇంకా ఉంది. చాటలో గుప్పెడు గింజలు ఉన్నాయి. నిండువి. గుప్పిట పట్టింది.

పెనంలో వేస్తే తీగ ఉండదు. ఇక్కడా ఉండదు, అక్కడా ఉండదు. పెంకుల మీద ఎవరూ ఉండరు.

మూటలో వేస్తే... వానాకాలమంతా మళ్ళీ ఆయన బయట, తను లోపల.

ఒక గింజను పెనంలో వేసి చూసింది. చిట్లి ఎగిరింది. మిగతావి గుప్పిట్లోనే ఉన్నాయి.

దూరంగా ఎక్కడో గుడగుడమంది. నడిగదిలోంచి అతని గొంతు — ఎంత ఆశగా పలికిందో! — "గంగా, ఉరిమిందా ఏందే?"

"ఉరుము కాదు. ఇమానం పోతున్నది" అంది.

ఎయిర్‌ఫోర్స్ విమానాలు ఆ ఊరికి కొత్త కాదు. అతను నమ్మాడు. మళ్ళీ తాడు పేనుకుంటూ కూర్చున్నాడు.

ఆమెకు తెలుసు అది ఉరుమేనని. గాలికి మట్టి వాసన అప్పుడే వచ్చింది. కిటికీ రెక్క దగ్గరగా వేసింది.

ఎండ గీత ఎదుటి గోడ ఎక్కింది. దేవుడి గూటి కిందికి వచ్చింది. వచ్చి, మధ్యలో తెగిపోయింది.

తలుపు అవతల ఎవరో నిలబడ్డారు.

"అమ్మా... నేను ఖండప్పను. మూట తయారున్నదా?"

సదాశివ్ లేవబోయాడు.

"మీరు కూసోండ్రి. బైట ఇంకా ఎండనే ఉన్నది. నేను ఇస్త" అంది.

ఉట్టి మీది మూట ఎడమచేతిలోకి తీసుకుంది. కుడిచేతిలో గుప్పిట. మూటలో బూడిద మెత్తగా ఉంది. గుప్పిట్లో గింజలు చెమటకు తడిసి అరచేతికి అంటుకుంటున్నాయి. మూట ముడి విప్పాలన్నా ఇంకో చెయ్యి కావాలి. గొళ్ళెం తీయాలన్నా ఇంకో చెయ్యి కావాలి.

"గంగా" అన్నాడు సదాశివ్ వెనుకనుంచి. తల ఎత్తలేదు. తాడు పేనుతూనే ఉన్నాడు. "నువ్వే ఏరినవ్ గద?"

మెత్తగా అడిగాడు.

వంగమొక్కను అడిగినట్టే అడిగాడు.

గంగాబాయి గొళ్ళెం ముందు నిలబడింది, రెండు చేతులూ నిండుగా.

"అమ్మా, బస్సు పోతది" అన్నాడు ఖండప్ప. అని, కాస్త పక్కకు జరిగాడు.

తలుపు సందులోంచి ఒక గీత ఎండ... ఆమె గుప్పిట మీద పడింది.